ఎద్దు ఎవరిది? పంజరం ఎవరిది?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్ర: న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో షేర్ల వ్యాపారానికి పేరుపడ్డ వాల్‌స్ట్రీట్ ఎద్దు విగ్రహాన్ని చూశాం. జనం వరసకట్టి కొమ్ములు పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. పెట్టుబడిదారీ విధానానికి గుర్తుగా దాన్ని అక్కడి ప్రభుత్వమే పెట్టిందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జ: ప్రభుత్వం పెట్టలేదు, స్టాక్ ఎక్స్ఛేంజీ అసలే పెట్టలేదు. ఎక్స్ఛేంజీ దాన్ని తీయించేసింది కూడా. 1987 అక్టోబరులో షేర్ మార్కెట్ కుప్పకూలింది. సిసిలీలో పుట్టిన శిల్పి ఆర్టురో డి మోడికా, జనానికి ధైర్యం చెప్పాలని సొంత డబ్బుతో ఈ కంచు ఎద్దును పోతపోశాడు. ఖర్చు సుమారు 3,60,000 డాలర్లు, పొడవు 16 అడుగులు, బరువు 3 టన్నుల పైమాటే. 1989 డిసెంబరులో ఒక రాత్రి ఎవరినీ అడక్కుండా లారీలో తెచ్చి, ఎక్స్ఛేంజీ ముందున్న క్రిస్మస్ చెట్టు కింద దింపేశాడు. ఆ రోజే దాన్ని అక్కణ్నుంచి ఎత్తించేశారు. జనం గోల పెడితే నగర పార్కుల శాఖ దగ్గర్లోని బౌలింగ్ గ్రీన్ పార్కు దగ్గర ‘తాత్కాలికంగా’ చోటిచ్చింది. మీరు చూసింది ఆ తాత్కాలికాన్నే!

ధర పెరుగుతుందని కొనేవాడు ఎద్దు, పడుతుందని అమ్మేవాడు ఎలుగుబంటి. ఇది 18వ శతాబ్దం నాటి లండన్ బజారు భాష. ఎలుగును పట్టకముందే దాని తోలు అమ్మేవాడి గురించిన సామెత నుంచి ఆ రెండో మాట పుట్టింది. మన ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’కి దగ్గరి చుట్టం.

ఆ తర్వాతి కథే అసలైనది. 2011లో ఆర్థిక అసమానతల మీద లేచిన ‘ఆక్యుపై వాల్‌స్ట్రీట్’ (వాల్‌స్ట్రీట్‌ను ఆక్రమించండి) ఉద్యమం పిలుపు పోస్టరులో ఇదే ఎద్దు వీపు మీద నర్తకి ఒంటికాలిపై నిలబడింది. ధైర్యం చెప్పడానికి పుట్టిన ఎద్దు దురాశకు గుర్తయి కూర్చుంది. పోలీసులు దాని చుట్టూ ఇనుప కంచె కట్టి కాపలా కాయాల్సి వచ్చింది. 2017 మార్చిలో, మహిళా దినోత్సవం ముందు రోజు, స్టేట్ స్ట్రీట్ అనే పెట్టుబడుల సంస్థ ఎద్దుకు ఎదురుగా నాలుగడుగుల పైచిలుకు అమ్మాయి విగ్రహం పెట్టించింది. నడుము మీద చేతులు, ఎత్తిన గడ్డం. ఎద్దులో ఒక్క బోల్టు కూడా మారలేదు. అయినా రాత్రికి రాత్రి అది పిల్లమీదికి దూకే మగ పొగరుగా మారింది. తన బొమ్మ అర్థం చెడగొట్టారని డి మోడికా మొత్తుకున్నాడు. నా లెక్కన అతని ఫిర్యాదులో న్యాయముంది, కానీ అర్థాన్ని బొమ్మతో పాటు పోతపోయడం ఏ శిల్పికీ కుదరదు. ఇంకో చిత్రం చూడండి. అప్పట్లో అమ్మాయి పాదాల దగ్గరి ఫలకంలో ‘ఆమె’ అనే అర్థమిచ్చే ‘షీ’ (SHE) అన్న మాటలో మూడు ఇంగ్లీషు అక్షరాలూ క్యాపిటల్స్‌లో ఉండేవి. అది ఆ సంస్థ అమ్మే ఒక ఫండుకు ఎక్స్ఛేంజీలో ఉన్న కోడ్. తిరుగుబాటు బొమ్మ అనుకున్నది అమ్మకపు బోర్డు కూడా. 2018 చివర్లో అమ్మాయిని స్టాక్ ఎక్స్ఛేంజీ ఎదుటికి మార్చారు.

ప్ర: ‘అదృశ్య హస్తం’ అంటే మార్కెట్టే కదా? ఆడం స్మిత్ పుస్తకమంతా దాని గురించేనా?
– బీకాం విద్యార్థి, కర్నూలు

జ: కాదు. 1776 నాటి ఆ పెద్ద గ్రంథం ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో ఆ మాట వచ్చేది ఒక్కసారి. అదీ, తన సొమ్ముకు భద్రత చూసుకుని విదేశంలో కన్నా స్వదేశంలో పెట్టుబడి పెట్టే వర్తకుడి సందర్భంలో. తన లాభమే చూసుకున్నా, కనిపించని చెయ్యేదో నడిపినట్టు అతను సమాజానికీ మేలు చేస్తాడని అర్థం. దాన్ని సిద్ధాంతానికి ముఖచిత్రం చేసింది తర్వాతి తరాలు.

ప్ర: మాక్స్ వెబర్ పెట్టుబడిదారీ విధానాన్ని ‘ఇనుప పంజరం’ అన్నాడని గైడులో ఉంది. మా సారు మాత్రం వెబర్ ఆ మాటే అనలేదంటున్నారు. పరీక్షలో ఏం రాయాలి?
– ఎంఏ విద్యార్థిని, వరంగల్

జ: సారు చెప్పిందే నిజం, గైడు రాసిందీ వాడుకలో ఉంది. 1904–05లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వెబర్ తన భాషలో రాసింది ‘ష్టాల్‌హార్టెస్ గెహోయ్‌జె’. అంటే ఉక్కులా గట్టి గుల్ల. గెహోయ్‌జె అంటే నత్త గుల్లా కావచ్చు, గడియారం పైపెట్టె కూడా కావచ్చు. 1930లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త టాల్కట్ పార్సన్స్ ఇంగ్లీషులోకి తెస్తూ ‘ఇనుప పంజరం’ చేశాడు. అదే లోకమంతా పాకింది.

తేడా చిన్నది కాదు. పంజరం తలుపు తీస్తే చిలక చిలకగానే ఎగిరిపోతుంది. నత్తను గుల్లలోంచి లాగితే నత్తే ఉండదు. ఇనుము ప్రకృతిలోని మూలకం, ఉక్కు మనిషి కాచి చేసుకున్నది. ఆ వాక్యానికి ముందున్నదీ చదవాలి: ఐహిక సంపద భుజం మీది పలచని ఉత్తరీయంలా, ఎప్పుడంటే అప్పుడు తీసి పక్కన పెట్టేలా ఉండాలని 17వ శతాబ్దపు ప్యూరిటన్ (నిరాడంబరత బోధించే క్రైస్తవ శాఖ) బోధకుడు బాక్స్‌టర్ అన్నాడు, ఆ ఉత్తరీయమే గుల్లగా బిగుసుకుందంటాడు వెబర్. పరీక్షలో ‘ఇనుప పంజరం’ అనే రాయండి, వెంటనే ఒక వాక్యంలో మూలార్థం చెప్పండి. ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది, దీన్ని లాభాపేక్షకే ముడిపెట్టి, లెక్క ప్రకారం నడిచే ఆఫీసు వ్యవస్థను వదిలేయడం వల్ల.

ప్ర: ప్రకటనల్లో పెట్టుబడిదారీ చిహ్నాల మీద ప్రాజెక్టు చేయాలి. ఎలా మొదలుపెట్టను?
– డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్

జ: ‘ప్రకటనలు’ అంటే సముద్రం. ఒకే రోడ్డు, ఒకే సరుకు తీసుకోండి. ఉదాహరణకు అపార్ట్‌మెంట్ల హోర్డింగులు, 25 చాలు. అన్నీ ఒకే రోజు ఫొటో తీయండి. వారం తిరిగేసరికి ఫ్లెక్సీ మారిపోతుంది. మూడు గడులు గీయండి: కంటికి కనిపించేది, అది గుర్తుచేసేది, కనిపించకుండా పోయినది. మొదటి గడిని 25కూ పూర్తి చేశాకే రెండోది ముట్టుకోండి. లేకపోతే మొదటి హోర్డింగుకు చెప్పిన భాష్యమే మిగతా వాటికీ అంటుకుంటుంది.

ఒకటి చూద్దాం. నీలం ఈతకొలను, నవ్వే దంపతులు, ఇద్దరు పిల్లలు, ‘కౌంటీ’ అనో ‘ఎన్‌క్లేవ్’ అనో ఇంగ్లీషు పేరు, దాని కింద ‘100% వాస్తు’. లండన్ పరువూ కావాలి, ఈశాన్యమూ కావాలి. ఈ పరువు లెక్కకు ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త బోర్దియూ 1979లో అభిరుచి గురించి రాసింది పనికొస్తుంది. మూడో గడిలో తాపీమేస్త్రీ, వాచ్‌మన్, 20 ఏళ్ల ఈఎంఐ, చీమతలంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’. మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంలా కనబడుతుందని మార్క్స్ 1867లో అన్నది ఈ గడిలోనే దొరుకుతుంది.

చివరగా, ఓ ఐదు హోర్డింగులు స్నేహితుడికిచ్చి విడిగా గడులు నింపమనండి. ఇద్దరికీ తేడా వచ్చిన చోట మీ నిర్వచనం వదులుగా ఉందన్నమాట. దాన్ని బిగించి మళ్లీ మొదటి హోర్డింగు నుంచి రండి.