ఒకే ఫ్రేములో ఎనిమిది భంగిమలు

ప్రశ్న: డాన్స్ భంగిమలన్నీ ఒకే ఫొటోలో రావాలని ఫ్లాష్‌ను మల్టీ మోడ్‌లో (షట్టర్ ఒక్కసారి తెరిచి ఉండగానే ఫ్లాష్ చాలాసార్లు మెరిసే పద్ధతిలో) పెట్టాను. పవర్ 1/16 (పూర్తి బలంలో పదహారో వంతు), 10 హెర్ట్జ్ (సెకనుకు 10 మెరుపులు), మొత్తం 20 మెరుపులు, షట్టర్ 2 సెకన్లు. ముఖం, నడుము తెల్లగా మాడిపోయాయి. చేతుల చుట్టూ పొగలాంటి చారలు వచ్చాయి. చివరి భంగిమలైతే దాదాపు కనిపించలేదు. తప్పెక్కడ?

జవాబు: షట్టర్ లెక్క సరిగ్గానే ఉంది. మెరుపుల సంఖ్యను హెర్ట్జ్‌తో భాగిస్తే కనీస షట్టర్ సమయం వస్తుంది. అసలు చిక్కు కదలని భాగాలతో. చెయ్యి ఎప్పటికప్పుడు కొత్త చోటికి పోతుంది కాబట్టి ఒక్కో చోట దానికి ఒక్క మెరుపే అందుతుంది. నడుము ఉన్నచోటే ఉంటే 20 మెరుపులూ దానిమీదే పోగుపడతాయి, అంటే 4 స్టాపులకు పైగా అదనపు వెలుగు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపవుతుంది). పవర్ తగ్గించి నడుమును కాపాడుకుందామంటే చేతులు చీకట్లో కలిసిపోతాయి. అందుకే మనిషిని జరపడమే మందు.

8 మెరుపులు, 2 హెర్ట్జ్, 4 సెకన్లు పెట్టి, ఫ్రేము ఈ చివరనుంచి ఆ చివరకు కదులుతూ డాన్స్ చేయమనండి. ఒక్కో మెరుపుకూ ఒంటి వెడల్పంత జరిగితే బొమ్మలు విడివిడిగా వస్తాయి. ఉన్నచోటే ఆడాల్సిన నృత్యమైతే ఒంటికి నల్లటి దుస్తులు వేసి చేతులు మాత్రం కనబడనివ్వండి. లేదా ట్రైపాడ్ తల వదులుచేసి, షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరాను మెల్లగా పక్కకు తిప్పండి. కెమెరాను తిప్పే ఈ పద్ధతిలో వచ్చే ఫొటోలే చూడ్డానికి ఎక్కువ బాగుంటాయి.

చివరి భంగిమలు మసకబారడానికి కారణం కెపాసిటర్, అంటే ఫ్లాష్‌లో మెరుపుకు కావలసిన ఛార్జ్‌ను దాచే భాగం. 1/16 చొప్పున 20 మెరుపులంటే ఒక పూర్తి ఛార్జ్ కన్నా ఎక్కువ, మధ్యలో అది నిండే వ్యవధి లేదు. 1/64కు దిగండి. మల్టీ మోడ్‌లో టీటీఎల్ (కెమెరాయే వెలుగు కొలిచి ఫ్లాష్ బలాన్ని సర్దే పద్ధతి) పనిచేయదు కనుక ముందు మామూలు మాన్యువల్ మోడ్‌లో 1/64తో ఒక్క మెరుపు కొట్టి చేతికి సరిపడా వెలుగు చూసుకోండి. ఫ్లాష్ 5-6 అడుగుల దూరంలో పక్కనుంచి ఉంటే ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 400, ఎఫ్ (లెన్స్ రంధ్రం కొలత) 5.6 దగ్గర మొదలుపెట్టవచ్చు.

పొగచారలు ఫ్లాష్ వల్ల రావు. దాని మెరుపు చాలా క్షణికం. అవి గదిలోని వెలుగు పని. ఫ్లాష్ ఆపేసి అవే సెట్టింగ్‌లతో ఒక ఫొటో తీయండి. పూర్తి నలుపు రాకపోతే తలుపు సందు, ఛార్జర్ దీపం వెతికి మూయండి. వెనక తెర మీద కూడా అన్ని మెరుపులూ పోగవుతాయి, కాబట్టి నల్ల వెల్వెట్‌ను మనిషికి 8 అడుగుల వెనక కట్టి, వెలుగు అటు పోకుండా ఫ్లాష్‌కు నల్ల కాగితపు గొట్టం తొడగండి. ఫోకస్ టార్చ్ వెలుగులో కుదుర్చుకుని మాన్యువల్‌కు మార్చేయండి.

వరుసగా 10 ఫొటోలు తీశాక ఫ్లాష్‌ను 15 నిమిషాలు చల్లారనివ్వాలి, లేదంటే తల వేడెక్కి పాడవుతుంది. వెలుగు అదురుడు కొందరిలో మూర్ఛ తెప్పిస్తుంది. గదిలో ఉన్నవాళ్లందరినీ ఆ సంగతి ముందే అడగండి.