ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోద్దా?

ప్రశ్న: నమస్తే సార్, మాది కావలి. 2004లో సౌందర్య గారి విమానం పడిపోయినప్పుడు నేను టెన్త్, మా అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచీ ఒకటే డౌటు. చిన్న విమానం కదా, ఇంజిన్ ఆగినా మెల్లగా తేలుకుంటా దిగొచ్చు గదా, మరి అందరూ ఎందుకు చనిపోతారు?

జవాబు: ఆ రోజు మా ఇంట్లోనూ టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదమ్మా. ఏప్రిల్ 17, బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన సెస్నా 180, లేచిన కాసేపటికే పడిపోయింది, ఆమె, వాళ్ళన్నయ్య, ఇంకో ఇద్దరు, నలుగురూ పోయారు.

మీ డౌటు సగం కరెక్టే. ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడదు. నాలుగు సీట్ల సెస్నా 172 వెయ్యి అడుగుల ఎత్తు నుంచి ఇంజిన్ లేకుండా కూడా రెండున్నర కిలోమీటర్ల దాకా జారుకుంటూ పోగలదు. ప్రాణం తీసేది స్టాల్. మన వరి మడుల్లో కొంగ దిగేటప్పుడు చూడండి, చివర్లో రొమ్ము పైకెత్తి రెక్కలు నిలువుగా పెడద్ది, వేగం చచ్చి టప్పున బురదలో కాళ్ళు ఆనతాయి. అది కావాలని చేస్తుంది, నేలకి జానెడు ఎత్తులో చేస్తుంది. విమానం రెక్క కూడా ఎదురుగాలికి సుమారు 15, 16 డిగ్రీలు దాటి పైకి లేస్తే గాలి రెక్కని వదిలేస్తుంది, అదే స్టాల్. ముక్కు కిందికి దించితే రెక్కకి మళ్ళీ పట్టు దొరుకుద్ది, కానీ అందుకు కింద ఎత్తు ఉండాలి గదా.

టేకాఫ్ అయి మూడొందల అడుగులు లేచాక ఇంజిన్ పోయిందనుకోండి, ఎవరికైనా వెనక్కి తిరిగి రన్‌వేకి పోదామనే అనిపిస్తుంది, మీకైనా నాకైనా అంతే. కానీ ఎత్తు తగ్గకుండా మలుపు తిప్పాలంటే రెక్కల మీద బరువు పెరుగుద్ది, 60 డిగ్రీలు ఒరిగితే రెట్టింపు, అప్పుడు స్టాల్ అయ్యే వేగం కూడా 40 శాతం పైగా పెరిగిపోద్ది, నేల దగ్గరకొచ్చేస్తుంటే భయంతో చెయ్యి దానంతటదే ముక్కు పైకి లాగేస్తుంది, ఒక రెక్క ముందు పడిపోయి విమానం గిర్రున తిరుగుద్ది. అందుకే ట్రైనింగ్‌లో మొదటి నుంచీ చెప్తారు, తక్కువ ఎత్తులో ఇంజిన్ పోతే వెనక్కి తిరగొద్దు, ఎదురుగా ఏది దొరికితే అందులో దించు అని. విమానం ముక్కలైనా మనుషులు మిగలొచ్చు. జక్కూరులో ఇదే జరిగిందని నేను అనట్లేదు, చిన్న విమానాల్లో మళ్ళీ మళ్ళీ మనుషుల్ని తీసుకుపోయే దారి ఇది.

ఎత్తు లేకపోతే ఎంత కష్టమో 1980 జూన్ 23న ఢిల్లీలోనూ చూశాం. సంజయ్ గాంధీ పిట్స్ విమానంలో విన్యాసాలు చేస్తుంటే అదుపు తప్పింది, సరిచేసుకునే ఎత్తు లేదు, ఆయనా, పక్కనున్న పైలటూ ఇద్దరూ పోయారు.

ఇక ఇంజిన్ ఎందుకు ఆగుద్దంటే, రొయ్యల గుంటల కాడ జనరేటర్ నడిపే వాళ్ళకి తెలుసు, డీజిల్‌లో నీళ్ళు చేరితే ఏమవుద్దో. విమానం పెట్రోల్‌కీ అదే బాధ. నీళ్ళు బరువు కాబట్టి ట్యాంకు అడుక్కి చేరతాయి, అందుకని లేచే ముందు అడుగు నుంచి కొంచెం వంపి చూడాలి. రెండు నిమిషాల పని, హడావిడిలో అదే మానేస్తారు, నాకు కడుపు మండేది అక్కడే. ఇంకొకటి ఎండ. వేడిగాలి పలచన, అదే బరువుతో లేవడానికి రన్‌వే ఎక్కువ కావాలి, పైకి ఎక్కడం కూడా నెమ్మదిస్తుంది.

ప్రశ్న: అన్నా, మాది అద్దంకి. కొరిశపాడు కాడ హైవే మీద విమానాలు దిగాయి గదా, ఇంజిన్ పోయిన చిన్న విమానం కూడా అక్కడ దిగొచ్చా?

జవాబు: దిగొచ్చు తమ్ముడూ, అక్కడిదాకా రాగలిగితే. 2024 మార్చిలో ఎయిర్ ఫోర్స్ వాళ్ళ ఆన్-32, డోర్నియర్ దిగి మళ్ళీ లేచిన చోటు అది, నాలుగు కిలోమీటర్ల పొడవు. కానీ మామూలు రోజున లారీలుంటాయి. పైలట్ వెతికేది అంత పెద్దది కాదు, కోత అయిపోయి ఆరిన చేను చాలు. నీళ్ళు పెట్టిన మడైతే చక్రాలు దిగబడి విమానం బోర్లా పడుద్ది. రొయ్యల గుంటలైతే గట్లు తగుల్తాయి. అన్నిటికన్నా భయం కరెంటు తీగలు, పై నుంచి తీగ కనపడదు, స్తంభాలే కనపడతాయి, అందుకని వాళ్ళు ముందు స్తంభాల వరస ఎటు పోతుందో చూసుకుంటారు.