పెద్ద కంపెనీ అండ లేని పంక్ బ్యాండు తొలి ఆల్బమ్ ఎలా తయారైంది? అంత ప్రభావం ఎలా చూపింది?

సొంత డబ్బుతో, సొంత లేబుల్ (రికార్డులు వేసే సంస్థ) మీద ఒక పంక్ బ్యాండు, అంటే వేగంగా, ముతకగా రాక్ వాయించే బ్యాండు, మొదటి ఆల్బమ్ ఎలా చేయగలదు, అలాంటి రికార్డు తర్వాతివాళ్లను ఎలా మార్చగలదు అని మీరు అడిగారు. నాకు దగ్గరగా తెలిసిన ఉదాహరణ కాలిఫోర్నియా బ్యాండు బ్లాక్ ఫ్లాగ్ 1981లో చేసిన ‘డ్యామేజ్డ్’. నన్ను దాని దగ్గరికి తీసుకెళ్లింది హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో దూరప్రాంతాల వారితో మాట్లాడుకునే అభిరుచి.

హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో నేను హ్యామ్ లైసెన్సు తీసుకున్నాను. మాకు మోర్స్ (చుక్కలు, గీతలతో సందేశాలు పంపే సంకేత భాష) నేర్పిన పెద్దాయన ఇంట్లో పాత అమెరికన్ రేడియో పత్రికల కట్టలు ఉండేవి. వాటిలో ఎస్‌ఎస్‌టీ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ యాంటెన్నా ట్యూనర్ ప్రకటన ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. చేతికి దొరికిన తీగను యాంటెన్నాగా వాడుకోనిచ్చే చిన్న పెట్టె అది. చిరునామా: పోస్టు బాక్సు 1, లాండేల్, కాలిఫోర్నియా. తర్వాత ఉద్యోగం కోసం లాస్ ఏంజెలెస్ వెళ్లినప్పుడు ఒక పాత రికార్డుల దుకాణంలో బ్లాక్ ఫ్లాగ్ రికార్డు వెనక్కి తిప్పి చూస్తే అదే పోస్టు బాక్సు ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండూ ఒకే మనిషివి. బ్లాక్ ఫ్లాగ్ గిటారిస్టు గ్రెగ్ గిన్ పన్నెండేళ్ల వయసులోనే యుద్ధకాలపు రేడియో విడిభాగాలను బాగుచేసి తపాలాలో అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చదివాడు. బ్యాండు మొదటి చిన్న రికార్డు వేస్తానన్న వేరే లేబుల్ నెలల తరబడి ఆలస్యం చేస్తుంటే, టెలిఫోన్ డైరెక్టరీ తీసి రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ ఎక్కడుందో వెతికాడు. 2,000 కాపీలు వేయించి, రేడియో వ్యాపారం పేరే పెట్టి 1979లో విడుదల చేశాడు. ఎస్‌ఎస్‌టీ రికార్డ్స్ పుట్టుక అది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉందని నా నమ్మకం. సరుకు తయారు చేయించడం, పత్రికలో ప్రకటన వేయడం, వచ్చిన మనియార్డర్లు లెక్క చూసి పొట్లం కట్టి పంపడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటైన పని. చాలా బ్యాండ్లకు పాటలు ఉంటాయి, ఈ పని రాదు.

ఆల్బమ్ మాత్రం అంత సులువుగా రాలేదు. కీత్ మోరిస్, రాన్ రేయెస్, డెజ్ కదేనా ఒకరి తర్వాత ఒకరు గాయకులుగా ఉన్నారు. ప్రతి ఒక్కరితోనూ రికార్డింగులు జరిగినా, ఏదీ పూర్తి ఆల్బమ్ కాలేదు. ఆలోగా పోలీసులు కచేరీలు ఆపించడం మామూలైపోయింది. 1979లో మ్యాన్‌హటన్ బీచ్‌లోని ఒక పార్కులో పిల్లాపాపలతో వచ్చిన జనం వీళ్ల మీద తిండి పదార్థాలు విసిరారు. అయినా గిన్ రోజూ గంటల తరబడి సాధన చేయించేవాడు. డెజ్ గొంతు అరిగిపోతుండటంతో గిటారుకు మారాలనుకున్నాడు. 1981 వేసవిలో న్యూయార్క్ కచేరీలో వేదిక ఎక్కి ఒక పాట పాడేసిన ఇరవయ్యేళ్ల అభిమానిని వాళ్లు మర్చిపోలేదు. అతను హెన్రీ రోలిన్స్, వాషింగ్టన్‌లో ఐస్‌క్రీమ్ దుకాణం మేనేజరు. పిలుపు రాగానే ఉద్యోగం మానేసి లాస్ ఏంజెలెస్ వచ్చేశాడు.

అలా ఐదుగురయ్యారు. గిన్, డెజ్ గిటార్లు, చక్ డుకోవ్‌స్కీ బేస్, రోబో డ్రమ్స్. వెస్ట్ హాలీవుడ్‌లోని యూనికార్న్ స్టూడియోలో వాళ్ల పాత మిత్రుడు, స్పాట్ అనే అతను, రికార్డింగు చూసుకున్నాడు. ఏళ్లుగా వేదికల మీద నలిగిన పాటలు కావడంతో కలిసి వాయించినదాన్నే వీలైనంతగా పట్టుకోవడం సరిపోయింది. నేనూ ఒకసారి మిత్రుల బ్యాండుకు మైకులు పెట్టి చూశాను. అందరూ ఒకే గదిలో వాయిస్తే సింబల్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లెం) శబ్దం గిటారు మైకులోకి, గిటారు డ్రమ్స్ మైకులోకి చొరబడుతుంది, తర్వాత దేన్నీ విడదీయలేం. బాగా సాధన చేసిన బ్యాండు తప్ప ఆ పద్ధతిలో నిలబడదు.

‘డ్యామేజ్డ్’ను హెడ్‌ఫోన్లతో వింటే ఒక చిన్న వింత దొరుకుతుంది. కొలంబియా నుంచి వచ్చిన రోబో చేతికి కడియాలు పెట్టుకుని డ్రమ్స్ వాయించేవాడు. ఆ కడియాల గలగల స్నేర్ (డ్రమ్స్‌లో చురుగ్గా మోగే చిన్న డ్రమ్) దెబ్బల వెంటే రికార్డులో పడింది. పెద్ద కంపెనీ స్టూడియో అయితే మొదటి రోజే వాటిని తీయించేసేవారు. నాకు ఆ గలగల లేకుండా ఈ ఆల్బమ్‌ను ఊహించుకోవడమే కష్టం. మిక్సింగ్ అంత స్పష్టంగా ఉండదు, రెండు గిటార్లు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటాయి. వినగా వినగా ఆ ఒరిపిడే దాని బలం అనిపించింది. ఆఖరి పాటలో వేగం పూర్తిగా పడిపోతుంది, రోలిన్స్ మాటలు అక్కడికక్కడ అల్లుకుంటూ అరుస్తాడు. వేగమే పంక్ అనుకునేవారికి అప్పట్లో అది మింగుడుపడలేదు.

అట్టమీది ఫొటో ఎడ్ కోల్వర్ తీశాడు. రోలిన్స్ అద్దాన్ని పిడికిలితో గుద్దినట్టు ఉంటుంది. నిజానికి అద్దాన్ని ముందే సుత్తితో పగలగొట్టారు, నెత్తురుకు ఎర్ర సిరా, కాఫీ కలిపారు.

యూనికార్న్ స్టూడియోయే కాదు, రికార్డు లేబుల్ కూడా. దానికి ఎంసీఏ అనే పెద్ద కంపెనీతో పంపిణీ ఒప్పందం ఉండేది. రికార్డు విన్న ఎంసీఏ అధికారి అల్ బెర్గామో ఇది తల్లిదండ్రులకు వ్యతిరేకమైన రికార్డు, మేం పంపిణీ చేయం అన్నాడు. అప్పటికే 25,000 కాపీలు అచ్చయ్యాయి. బ్యాండు ఆయన మాటనే స్టిక్కర్లుగా అచ్చువేయించి అట్టల మీద ఎంసీఏ గుర్తు కనిపించకుండా అంటించింది. యూనికార్న్ అప్పులే అసలు కారణమని ఎస్‌ఎస్‌టీ వాళ్ల వాదన. ఏదేమైనా, ఈ పాటల్లో కోపం ఇంటివాళ్ల మీద కంటే సొంత బుర్ర మీదే ఎక్కువని విన్నవారెవరికైనా అర్థమవుతుంది.

తర్వాత యూనికార్న్‌తో కోర్టు గొడవ మొదలైంది. బ్లాక్ ఫ్లాగ్ అనే పేరుతో కొత్త రికార్డు వేయకూడదని ఆదేశం వచ్చింది. 1982లో పాత గాయకుల రికార్డింగులను బ్యాండు పేరు లేకుండా, సభ్యుల పేర్లతోనే విడుదల చేస్తే, కోర్టు ధిక్కారం కింద గిన్, డుకోవ్‌స్కీ ఐదు రోజులు జైల్లో ఉన్నారు. యూనికార్న్ దివాలా తీశాకే ఆ చిక్కు వీడింది. 1984 ఒక్క ఏడాదిలో మూడు స్టూడియో ఆల్బమ్‌లు వచ్చాయంటే ఎంత ఆగిపోయి ఉందో చూడండి.

ఇక ప్రభావం. శబ్దం పరంగా, ఆ నెమ్మది పాటలో మొదలైన బరువును 1984 నాటి వాళ్ల ఆల్బమ్ ‘మై వార్’ రెండో వైపు ఇంకా ముందుకు తీసుకెళ్లింది. సియాటిల్ చుట్టుపక్కల కుర్రాళ్లు, ముఖ్యంగా మెల్విన్స్ బ్యాండు, దాన్ని అందిపుచ్చుకున్నారు. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్దది దారి చూపడం. పెద్ద కంపెనీ కాదన్న రికార్డును కూడా అమ్మవచ్చని తేలింది. మినిట్‌మెన్, హుస్కర్ డూ, మీట్ పప్పెట్స్, సోనిక్ యూత్ బ్యాండ్ల రికార్డులు అదే లేబుల్ మీద వచ్చాయి. బ్లాక్ ఫ్లాగ్ వ్యాన్ వెళ్లిన చిన్న ఊళ్ల హాళ్లే ఆ తర్వాతి బ్యాండ్లకు కచేరీల దారి అయ్యాయి. 2002లో రోలిన్స్ పలువురు గాయకులతో బ్లాక్ ఫ్లాగ్ పాటలు మళ్లీ రికార్డు చేయించి, అమెరికాలో వెస్ట్ మెంఫిస్ అనే ఊరి హత్య కేసులో జైల్లో ఉన్న ముగ్గురి న్యాయపోరాటానికి నిధులు సేకరించాడు. 2007లో డర్టీ ప్రొజెక్టర్స్ బ్యాండు ‘డ్యామేజ్డ్’ పాటలను కేవలం జ్ఞాపకం మీద ఆధారపడి కొత్తగా కట్టింది. వింటే మూలం ఇదేనా అనిపించేంత తేడా ఉంటుంది, నాకు మాత్రం చాలా నచ్చింది.

మీరు ఇంకా వినకపోతే ఆల్బమ్ మొత్తం ఒకసారి వరుసగా వినండి, ముప్పావు గంట కూడా పట్టదు. తర్వాత, జైలుకు పంపిన ఆ 1982 సంకలనం ‘ఎవ్రీథింగ్ వెంట్ బ్లాక్’ వెతుక్కోండి. అవే పాటలు వేర్వేరు గొంతుల్లో వినిపిస్తాయి. రోలిన్స్ వచ్చాక ఏం మారిందో, రెండో గిటారు ఎంత తెచ్చిందో ఎవరూ చెప్పకుండానే మీకు తెలుస్తుంది.