మర్ఫీ ఇంటిపేరు: ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

అమ్మాయీ,

వ్యాసం అందింది, చదివాను. "మర్ఫీ అంటే సముద్ర యోధుడు" అని మొదటి వాక్యంలోనే తేల్చేశావు. తప్పేమీ కాదు. పాత ఐరిష్‌లో సముద్రం, పోరు అనే రెండు మాటలు కలిసి పుట్టిన మగపేరు అది. కానీ ఆ అర్థం ఆ పేరు పెట్టుకున్న మొదటి మనిషికే. తరవాతి వాళ్లకు దక్కింది ఐరిష్ రూపంలో ఆ పేరు ముందున్న చిన్న 'ఓ': ఫలానావాడి మనవడు, వంశీకుడు అని. అలాగే పేరు ముందు వచ్చే 'మాక్' అంటే కొడుకు. పైగా ఆ మగపేరు ఒక్కడిది కాదు. ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్‌లోనూ, రాస్‌కామన్‌లోనూ వేరే వేరే వంశాలు అదే పేరుతో మొదలయ్యాయి. ఐర్లండ్‌లో అందరికంటే ఎక్కువమంది మర్ఫీలే ఉన్నారంటే అదీ ఒక కారణం. అందుకే "మర్ఫీలందరూ ఒకే వంశం" అన్న వాక్యం కొట్టెయ్.

ఐర్లండ్‌లోని లెన్‌స్టర్ రాజు డర్మట్ మాక్‌మరో గురించి రాసిన పేరా బాగుంది. మాక్‌మరో అన్నా అదే మగపేరుకు 'మాక్' చేరిన రూపమే. 1166లో రాజ్యం పోగొట్టుకుని ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీని ఆశ్రయించాడు, 1169లో నార్మన్ సైన్యం దిగింది. అయితే ఆయన కొడుకు డొనల్ వంశం వాళ్ల పేరు కవానా. ఇది నువ్వు వదిలేశావు, చదివేవాళ్లు ఆగి చూసేది ఇక్కడే.

అసలు కథ ఆ 'ఓ' ఊడిపోవడంలో ఉంది. ఇంగ్లిష్ పాలనలో ఐరిష్ పేర్లు ఇంగ్లిష్ నోటికి తగ్గట్టు అరిగిపోయాయి. తరవాత జాతీయ స్ఫూర్తి పెరిగినప్పుడు చాలామంది సలివన్‌లు మళ్లీ ఓసలివన్‌లయ్యారు. మర్ఫీలు మాత్రం దాదాపుగా మర్ఫీలుగానే ఉండిపోయారు. ఎందుకని? నీ వ్యాసానికి ప్రాణం ఈ ప్రశ్నే. జవాబు దొరక్కపోయినా అడుగు.

ఇంకోటి. ఇంగ్లిష్ రిజిస్టర్‌లో తండ్రి, తల్లి, కూతురు ముగ్గురూ మర్ఫీలే. ఐరిష్‌లో రాస్తే తండ్రి ఓ మురహూ, తల్లి ఈ వురహూ, పెళ్లికాని కూతురు నీ వురహూ. ఆడవాళ్ల పేరులో మొదటి అక్షరమే మారిపోతుంది! ఒకే ఇంట్లో మూడు పేర్లు. రెండు పేరాలైనా దీనికివ్వు.

మర్ఫీ రేడియో సంగతి మాత్రం ఒక్క వాక్యానికి కుదించు. మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది అదే, ఒప్పుకుంటాను. కానీ ఆ కంపెనీ 1929లో ఇంగ్లండ్‌లో పుట్టింది. నీ వ్యాసం ఐర్లండ్ గురించి.

తిరగరాసి పంపు. టెన్షన్ పడకు, తొందరేమీ లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు