వేలు పట్టేంత రంధ్రం

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. 1965 సెప్టెంబరు, పాకిస్తాన్‌తో యుద్ధం, పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్, చెరుకు తోటలో నక్కిన జీపు, దాని మీద 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్ (పేలినప్పుడు వెనక్కి తన్నని ఫిరంగి), దాని వెనక మన సైనికుడు అబ్దుల్ హమీద్. అక్కడిదాకా ఊపిరి బిగబట్టాను. తర్వాత "గుండు తగలగానే ప్యాటన్ ట్యాంకు మైనంలా కరిగిపోయింది" అన్నావు. అక్కడ కథ నా చేతిలోంచి జారిపోయింది.

ఉక్కు కరగదు. ఆ గుండును 'హీట్' అంటారు కాబట్టి వేడి అనుకున్నావు. అవి 'హై ఎక్స్‌ప్లోజివ్ యాంటీ ట్యాంక్' అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు, అంతే. గుండు లోపల గరాటులాంటి లోహపు రేకు ఉంటుంది, ఎక్కువగా రాగిది. దాని వెనక మందు పేలగానే గరాటు నలిగి సన్నటి తీగలా ముందుకు దూసుకుపోతుంది. దాని కొస వేగం సెకనుకు 8 కిలోమీటర్లు కూడా దాటుతుంది. ఆ ఒత్తిడికి ఉక్కు బురదలా పక్కకు తప్పుకుంటుంది. బయట మిగిలేది వేలో, రెండు వేళ్లో పట్టేంత రంధ్రం.

నువ్వు రాయాల్సింది దాని అవతలి వైపు. ఇరుకు గదిలో నలుగురు మనుషులు, పక్కనే పేర్చిన గుండ్లు. తీగతో పాటు లోపలి గోడ నుంచి ఊడిన ఉక్కు ముక్కలు వాళ్ల మీద పడతాయి. గుండ్లలోని మందు అంటుకుంటే ఎవరూ మిగలరు. అంటుకోకపోతే ఒకడు పోయి, పక్కవాడు బయటపడొచ్చు. వాళ్లు శత్రువులే, కానీ నీ కలం అక్కడిదాకా వెళ్లాలి.

ఇంకో రకం గుండుంది. గోడకు పిడక కొట్టినట్టు కవచం మీద చపటగా అతుక్కుని పేలుతుంది. చిల్లు పడదు. అదురు ఉక్కులోంచి పాకి, లోపలి వైపు పెచ్చులు లేపుతుంది. పాత సున్నం గోడ పెచ్చులూడటం చూశావుగా, అలాగే. కాకపోతే ఇవి తూటాల్లా ఎగురుతాయి.

నీ హమీద్ ఒకేచోట నుంచి మూడుసార్లు పేలుస్తాడు. ఆ గన్ పేలితే వెనక నుంచి మంట, దుమ్ము లేచి జాడ చెప్పేస్తాయి. వెంటనే జీపు కదలాలి. టెన్షనంతా అక్కడే ఉంది, వదులుకోకు. సెప్టెంబరు 10న ఆయన ప్రాణం పోయింది కూడా ట్యాంకులతో తలపడుతూనే.

వీలైతే మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) ట్యాంకు మ్యూజియానికి వెళ్లు. ట్యాంకు పైమూత దగ్గర నీ భుజాలు ఎలా పడతాయో ఊహించుకో. తిరిగొచ్చాక ఆ ఒక్క పేరా మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య