జెయింట్ వీల్ మీద మోజు ఎందుకు తగ్గదు?

ప్రశ్న: విమానాల్లో తిరుగుతున్నాం, వంద అంతస్తుల మేడలు ఎక్కుతున్నాం. అయినా జెయింట్ వీల్ కనబడితే జనం బారులు తీరతారెందుకు? పైగా పెద్దవి మరీ నెమ్మదిగా తిరుగుతాయి కదా!

జవాబు: ఆ నెమ్మదే అసలు ఆకర్షణ అంటాను. రోలర్ కోస్టర్ జోలికి నేను పోను. డబ్బిచ్చి కళ్లు మూసుకోవడం ఎందుకు? మేడ ఎక్కినా లిఫ్టు తలుపు తెరిచేసరికి దృశ్యం సిద్ధంగా ఉంటుంది. జెయింట్ వీల్‌లో అలా కాదు. ముందు చెట్ల కొమ్మలు, తర్వాత ఇళ్ల కప్పులు, ఆ వెనుక వీధులు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

1889 నాటి ఈఫిల్ టవర్‌కు దీటైనది కావాలని షికాగో ప్రపంచ ప్రదర్శన నిర్వాహకులు పట్టుబట్టారు. జార్జ్ ఫెర్రిస్ అనే ఇంజనీరు 1893లో దాదాపు 80 మీటర్ల ఉక్కు చక్రం నిలబెట్టాడు. 36 పెట్టెలు, ఒక్కోదానిలో 60 మంది. రెండు చుట్లకు 20 నిమిషాలు, టికెట్ 50 సెంట్లు. పాపం, ఆయన 37 ఏళ్లకే పోయాడు. చక్రాన్ని 1906లో పేల్చి తుక్కు చేశారు.

ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో నాకు గొప్పగా తోచేది ఎత్తు కాదు, కూర్చునే చోటు. పాత చక్రాల్లో పెట్టెలు చట్రం మధ్యలో వేలాడేవి. ఉక్కు కడ్డీలు చూపుకు అడ్డొచ్చేవి. 2000లో మొదలైన ‘లండన్ ఐ’ అనే చక్రంలో 32 గాజు గదులను చట్రానికి బయటివైపు అమర్చారు. అవి ఒరిగిపోకుండా మోటార్లు సరిచేస్తుంటాయి. అంచు వేగం సెకనుకు సుమారు పావు మీటరే కాబట్టి, మామూలుగా చక్రాన్ని ఆపకుండానే జనాన్ని ఎక్కించి దించుతారు. ఎత్తుల పోటీ 2021లో ‘ఐన్ దుబాయ్’ చక్రంతో 250 మీటర్లకు చేరింది. అంత పైనుంచి ఊరు పటంలా ఉంటుందే తప్ప మనుషులు కనబడరు. యుద్ధంలో కాలిపోయి మళ్లీ లేచిన 1897 నాటి వియన్నా చక్రం ఎత్తు 65 మీటర్లే. నా ఓటు దానికే.

ప్రశ్న: లండన్ ఐ లాంటి చక్రాల్లో ఇరుసుకూ చట్రానికీ మధ్య సన్నని తీగలే కనబడతాయి. అంత బరువును అవి ఎలా మోస్తాయి?

జవాబు: అవి సన్నని తీగలు కావు, లావుపాటి ఉక్కు తాళ్లు. సైకిలు పుల్లల్లాగే వాటిని ముందే బిగించి ఉంచుతారు. అయితే సైకిలు చక్రం నేల మీద ఆనుతుంది. ఇదేమో ఇరుసు నుంచి వేలాడుతుంది. అందుకే ఇరుసుకు కింద ఉన్న తాళ్ల మీద లాగుడు పెరుగుతుంది, పైవాటి మీద తగ్గుతుంది. ముందే అంత గట్టిగా బిగించేది, పైన ఉన్నప్పుడు కూడా తాడు వదులు కాకుండా ఉండేందుకే.