పాలిపోయిన నూరువరహాలు

చిట్టీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అదీ కొమ్మ కొసల్లో లేతాకులే. కింది ముదురాకులు ముందు పండి ఉంటే నత్రజని చాలట్లేదు అనుకునేదాన్ని. లేతాకు ఇలా పాలిపోయిందంటే ఇనుము అందట్లేదు. నత్రజని కోసం నువ్వు వేస్తున్న ఆ యూరియా ఆపెయ్.

మట్టిలో ఇనుము లేక కాదు. నూరువరహాలకు కాస్త ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి. మట్టి ఆమ్లగుణాన్ని చెప్పే కొలత పీహెచ్, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. అది 5, 6 మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది. 7 దాటిందా, ఇనుము వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. మరి నువ్వు నాటిందెక్కడ? సున్నం కొట్టిన గోడ వారన! వాన పడ్డప్పుడల్లా ఆ సున్నం పాదులోకే దిగుతుంది. నిన్నంటున్నాను గానీ నేనూ తక్కువ తినలేదులే. గోడ పొడవునా ఎనిమిది నాటి, పాలిపోయిన కొద్దీ పశువుల ఎరువు కుమ్మరించాను, రెండేళ్లపాటు. చోటు చాలక నాలుగడుగులు ఎడంగా పెట్టిన తొమ్మిదోది మాత్రం గుత్తులు గుత్తులుగా పూసింది. దానికి నేను చేసిన సేవ ఏమీ లేదు.

మొక్క ఇంకా చిన్నదే కదా, వానలు పడగానే వేళ్ల చుట్టూ మట్టిగడ్డ చెదరకుండా తీసి, ఎండ బాగా తగిలే చోటికి మార్చు. గుంటలో ఎర్రమట్టి, ఆకుల ఎరువు, కడిగిన కొబ్బరిపొట్టు కలుపు. బూడిద, గుడ్డుపెంకులు దాని దరిదాపులకు రానివ్వకు. బోరు నీళ్లు ఉప్పవైతే వాన నీళ్లు పట్టి పొయ్యి. గంధకం పొడి కూడా పని చేస్తుంది గానీ, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చడానికి నెలలు పడుతుంది.

ఈలోగా అన్నభేది, అంటే ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్, వాడు. లీటరు నీళ్లలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది కరిగించి, ఎండ తగ్గాక ఆకులు తడిసేలా పిచికారీ చెయ్యి. వారానికోసారి, మూడు సార్లు. ఎప్పటికప్పుడు కలుపుకో, నిలవుంటే తుప్పురంగు తిరిగి పనికిరాదు. బట్టల మీద పడితే మరక పోదు. పాలిపోయిన పాత ఆకుల కంటే కొత్త చిగురు రంగు చూడు, తేడా అక్కడే తెలుస్తుంది.

ఇంకోటి. పువ్వు వచ్చేది కొమ్మ కొసనే. కంచె చదునుగా ఉండాలని నెలనెలా కత్తిరిస్తే మొగ్గలన్నీ కత్తెరకే పోతాయి. ఒక విడత పూసి వాడాక కొసలు తుంచు, చాలు. తుంచిన వాటిలో ముదిరీ ముదరని కొమ్మలు జానెడు పొడవున నీడలో గుచ్చు. వేరు రావడానికి నెలన్నర పైనే పట్టొచ్చు, మధ్యలో లాగి చూడకు. బతికినవాటిలో ఒకటి నాకుంచు. నా దగ్గర ఆ పసుపు పూల రకం లేదు.

పెద్దమ్మ